ఫోన్ కట్ అయిన రేడియో స్టేషన్

ఈ ఎపిసోడ్ ఆలోచన ఒక అద్దె కారులో పుట్టింది. ఉద్యోగం చేసే రోజుల్లో, 2022లో, కొన్నాళ్లు ఆన్‌సైట్ పనిమీద అమెరికా వెళ్లాను. కారులో శాటిలైట్ రేడియో ఉంది. ఛానళ్లు తిప్పుతుంటే డీప్ ట్రాక్స్ అని ఒకటి తగిలింది. అరవైలు, డెబ్బైల నాటి రాక్ పాటలు. అవి కూడా అందరూ అరగదీసిన హిట్లు కాదు. మధ్యమధ్యలో బొంగురు గొంతుతో ఒక పెద్దావిడ కబుర్లు చెబుతున్నారు. హిప్పీల కాలం గురించి సొంత ఊరి సంగతుల్లా మాట్లాడుతున్నారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు రేడియో సిలోన్ గురించి మాట్లాడతారు చూడండి, అచ్చం అలాగే.

ఎవరీవిడ అని వెతికితే పేరు డస్టీ స్ట్రీట్ అని తెలిసింది. ఆవిడ చెప్పేది ఎవరో చెబితే విన్న కథ కాదు. అది జరిగిన గదిలో ఆవిడ ఉన్నారు.

ఆ గది శాన్‌ఫ్రాన్సిస్కోలోని కేఎంపీఎక్స్ అనే ఎఫ్ఎం స్టేషన్‌ది. సంవత్సరం 1967.

అప్పటి అమెరికాలో పాటల రేడియో అంటే ఏఎం. టాప్ 40 లిస్టు, రెండు మూడు నిమిషాల సింగిల్స్, జింగిల్స్, పాట మొదలైనా నోరు మూయని అనౌన్సర్. ఎఫ్ఎంలో సౌండ్ చాలా క్లియర్‌గా ఉండేది గానీ వినేవాళ్లే తక్కువ. రెండూ ఉన్న ఓనర్లు చాలామంది ఏఎంలో వచ్చేదాన్నే ఎఫ్ఎంలోనూ వదిలేసేవాళ్లు. అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అడ్డుపడి, పెద్ద నగరాల్లో సగం టైమ్‌కి మించి అలా చెయ్యకూడదని రూల్ పెట్టింది. దాంతో ఎఫ్ఎం వాళ్లు కొత్తగా ఏదో ఒకటి వెయ్యాల్సి వచ్చింది. హిప్పీల రేడియోకి ఒక ప్రభుత్వ నిబంధన దారి వేసిందంటే వాళ్లకి నచ్చకపోవచ్చు గానీ, జరిగింది అదే.

ఇక్కడ వస్తాడు టామ్ డొనహ్యూ. భారీ మనిషి, అందరూ బిగ్ డాడీ అనేవాళ్లు. ఏఎంలో పేరున్న డీజే. 1966లో క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో బీటిల్స్ చివరి కచేరీ ఏర్పాటు చేసినవాళ్లలో ఒకడు. ఒక రాత్రి ఇంట్లో డోర్స్ మొదటి ఆల్బమ్ వింటున్నాడు. అందులో చివరి పాట దాదాపు 12 నిమిషాలు. ఇవి రేడియోలో ఎందుకు రావు అని అనుమానం వచ్చింది. ఊళ్లో ఎఫ్ఎం స్టేషన్లకి వరసగా ఫోన్ చేస్తూ పోతే, ఒక స్టేషన్ ఫోనే పనిచెయ్యలేదట. బిల్లు కట్టక కట్ చేశారన్నమాట. ఇంత కష్టాల్లో ఉన్నవాళ్లయితే మన మాట వింటారు అనుకున్నాడట. అదే కేఎంపీఎక్స్. వేరే వేరే భాషలవాళ్లకి గంటల లెక్కన టైమ్ అమ్ముకుని బతుకుతున్న స్టేషన్.

నిజానికి ల్యారీ మిల్లర్ అనే డీజే ఆ ఫిబ్రవరి నుంచే అక్కడ అర్ధరాత్రి దాటాక ఇలాంటి పాటలు వేస్తున్నాడు. చాలామంది ఆయన్ని మర్చిపోతారు, అది న్యాయం కాదు. డొనహ్యూ ఏప్రిల్ 7న రాత్రి 8 గంటల షోతో మొదలుపెట్టాడు. జింగిల్స్ లేవు, ప్లేలిస్ట్ లేదు. బ్లూస్ తర్వాత సితార్ రాగం రావచ్చు, దాని వెనకే గ్రేట్‌ఫుల్ డెడ్ రావచ్చు. ఏ పాట తర్వాత ఏది అన్నది ఆ క్షణాన ఆ కుర్చీలో ఉన్న మనిషి ఇష్టం. కన్సోల్ దగ్గర ఇంజినీర్లుగా అమ్మాయిల్ని పెట్టాడు. ఆ రోజుల్లో అది చాలా అరుదు. వాళ్లలో ఒకరు డస్టీ స్ట్రీట్.

జనం విన్నారు, యాడ్స్ వచ్చాయి. డబ్బు రాగానే ఎవరి మాట చెల్లాలి అనే గొడవ కూడా వచ్చింది. జీతాలు, పాటల మీద అధికారం, ఈ రెండింటి మీద 1968 మార్చి 18న తెల్లవారుజామున 3 గంటలకి స్టాఫ్ సమ్మెకి దిగారు. పూలు, ప్రేమ అన్న వాళ్లే యూనియన్ పెట్టుకుని వీధిలో నిలబడ్డారు. నాకు ఈ కథ మొత్తంలో ఎక్కువ నచ్చిన భాగం ఇదే. సుమారు రెండు నెలల తర్వాత కూడా పాత ఓనర్ దిగిరాలేదు. డొనహ్యూ, చాలామంది స్టాఫ్ మెట్రోమీడియా కంపెనీ స్టేషన్‌కి మారిపోయారు. అది కేశాన్ అయింది. 1975లో డొనహ్యూ 46 ఏళ్లకే పోయాడు. 1980 నవంబరులో కేశాన్ కంట్రీ మ్యూజిక్ స్టేషన్‌గా మారిపోయింది.

దాన్ని చంపింది సెన్సార్ కాదు, రీసెర్చ్. డెబ్బైల్లో లీ ఏబ్రమ్స్ అనే కుర్ర కన్సల్టెంట్ రికార్డులు కొన్నవాళ్లకి ఫోన్లు చేసి, ఏ పాటకి స్టేషన్ మార్చరో లెక్కలు తీశాడు. ఆ లెక్కతో తయారైన సూపర్‌స్టార్స్ ఫార్మాట్‌ని దేశమంతా స్టేషన్లు కొన్నాయి. 1985లో ఫ్రెడ్ జేకబ్స్ మిషిగన్‌లో క్లాసిక్ రాక్ అనే ఫార్మాట్ మొదలుపెట్టాడు. ఆ తర్వాత వచ్చిన హిప్పీ జ్ఞాపకాల షోలు చాలావరకు ఈ దారిలోవే. పాటలు డొనహ్యూ కాలానివి, ఎంచే పద్ధతి ఆయన వద్దని పారిపోయిన పద్ధతి.

ఇది చెబుతుంటే నాకే కొంచెం ఇబ్బందిగా ఉంది. ఎందుకంటే నా ఆఖరి ఉద్యోగంలో నేను రాసింది రికమెండేషన్ కోడ్. 30 సెకన్ల లోపు స్కిప్ చేస్తే ఆ పాట స్కోరు తగ్గించు, ఇంతే. డోర్స్ 12 నిమిషాల పాట నా కోడ్ చేతిలో పడితే రెండు రోజులు కూడా బతకదు. ఇప్పుడు ఈ ఛానల్‌లో నా థంబ్‌నెయిల్ కూడా అలాంటి కోడే చూసుకుంటోంది.

అసలు మలుపు ఇంకోటి ఉంది. లీ ఏబ్రమ్స్ 1998లో ఎక్స్ఎం శాటిలైట్ రేడియోలో చేరాడు. రేడియో ప్లేలిస్టులు మరీ ఇరుకైపోయాయని, వాటిని విప్పాలని అక్కడ తనే చెప్పడం మొదలుపెట్టాడు. డీప్ ట్రాక్స్ ఆ ఎక్స్ఎం ఛానలే. 2008లో ఎక్స్ఎం, సిరియస్ కలిసిపోయాయి. అంటే నేను అద్దె కారులో విన్నది ఏబ్రమ్స్ వైపు నుంచి వచ్చిన ఛానల్‌లో డొనహ్యూ ఇంజినీర్ గొంతు.

అదే ఛానల్‌లో జిమ్ ల్యాడ్ అని లాస్ ఏంజెలెస్ డీజే ఒకాయన ఉండేవారు. టామ్ పెట్టీ పాట ‘ది లాస్ట్ డీజే’కి ప్రేరణ ఆయనే అంటారు. డస్టీ స్ట్రీట్ 2023 అక్టోబరులో పోయారు, ల్యాడ్ అదే డిసెంబరులో. నేను కారు తిరిగి ఇచ్చేసిన రోజు ఆవిడ షో సగంలో ఉంది. కౌంటర్ దగ్గర కుర్రాడు తాళం కోసం చెయ్యి చాపితే, పాట అయ్యేదాకా ఆగమన్నాను. ఆగాడు.