ఒకే ఫైలుకు అనేక పేర్లు: హార్డ్ లింకు చరిత్ర

సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలో ఒకే ఫైలు రెండు మూడు చోట్ల కావలసి వచ్చినప్పుడు నకలు తీసి పెట్టడం తేలిక. కాని ప్రతి నకలూ డిస్కులో చోటు తీసుకుంటుంది. దీనికి నేడు వాడుతున్న పరిష్కారాల్లో ఒకటైన హార్డ్ లింకు నిజానికి ప్యాకేజీల కంటే చాలా పాతది.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ, వారి సహచరులు పీడీపీ-7 యంత్రంపై యూనిక్స్ నిర్మాణం మొదలుపెట్టారు. ఈ వ్యవస్థలో ఫైలు వేరు, దాని పేరు వేరు. ఫైలు పరిమాణం, డిస్కులో దాని స్థానం వంటి వివరాలు ఐనోడ్ అనే నమోదులో ఉంటాయి. డైరెక్టరీలో ఉండేది పేరు, దాని ఎదుట ఐనోడ్ సంఖ్య, అంతే. అదే సంఖ్యను మరో పేరు ఎదుట రాస్తే అది హార్డ్ లింకు. ఇంట్లో 'చిన్నోడు', బడి హాజరుపట్టీలో 'వెంకటేశ్వర్లు'. పిల్లవాడు మాత్రం ఒక్కడే.

1971 నవంబరు నాటి మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే లింకు వేసే 'ఎల్ఎన్' కమాండు ఉంది. థాంప్సన్, రిచీ 1974లో ప్రచురించిన వ్యాసం ఒక ముఖ్యమైన విషయం చెప్పింది: ఒక ఫైలుకున్న లింకులన్నీ సమానం. అసలు, నకలు అన్న తేడా లేదు. చివరి పేరు తొలగించినప్పుడే ఫైలు పోతుంది. వారి యంత్రంలోని మార్చదగిన డిస్కు ఒక్కొక్కటి 2.5 మెగాబైట్లు పట్టేదని గుర్తుంచుకుంటే, ఆ పొదుపు విలువ మీకు అర్థమవుతుంది. అయితే ఐనోడ్ సంఖ్య ఆ ఫైల్ సిస్టమ్‌కే చెల్లుతుంది కాబట్టి హార్డ్ లింకు దాని హద్దు దాటలేదు. ఈ లోటును 1983లో 4.2బీఎస్‌డీ తెచ్చిన సింబాలిక్ లింకు తీర్చింది.

1995లో రెడ్ హ్యాట్ నుంచి ఆర్‌పీఎం వచ్చింది. ఈ పద్ధతిలో హార్డ్ లింకులున్న ఫైలు విషయం ప్యాకేజీలో ఒక్కసారే చేరుతుంది; పేర్లు మాత్రం అన్నీ ఉంటాయి. మనకు దగ్గరి ఉదాహరణ కాలమండలాల సమాచారం. అందులో 'ఏషియా/కలకత్తా' పాత పేరు, 'ఏషియా/కోల్‌కతా' కొత్త పేరు, సమయం ఒకటే. ఆ సమాచారాన్ని ఫైళ్లుగా మార్చే 'జిక్' సాధనం మామూలుగా ఇలాంటి జంట పేర్లకు హార్డ్ లింకే వేస్తుంది. ఓపెన్‌సూసే వారు ప్యాకేజీ తయారీలోనే నకళ్లను వెతికి కలిపే 'ఎఫ్‌డూప్స్' మాక్రోను వాడతారు. ఫెడోరాలో ఉన్న 'హార్డ్‌లింక్' సాధనం 2019లో యుటిల్-లినక్స్‌లో చేరింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ప్యాకేజీలను పరీక్షించే 'ఆర్‌పీఎంలింట్' వేర్వేరు డైరెక్టరీల మధ్య హార్డ్ లింకు కనిపిస్తే అభ్యంతరం చెబుతుంది. ఆ డైరెక్టరీలు వాడుకరి యంత్రంలో వేర్వేరు ఫైల్ సిస్టమ్‌లపై ఉంటే లింకు వేయడం కుదరదు, ప్యాకేజీ స్థాపన విఫలమవుతుంది. అలాగే, మార్చుకునే అమరిక ఫైళ్లకు ఈ పద్ధతి పనికిరాదు: ఒక పేరుతో తెరిచి అక్కడికక్కడే దిద్దితే రెండో పేరు కిందా మారినట్టే.

భద్రత సంగతి ఇంకా తీవ్రమైనది. రూట్ అధికారంతో నడిచే ఒక ప్రోగ్రాముకు సామాన్య వాడుకరి తన డైరెక్టరీలో ముందుగానే హార్డ్ లింకు వేసుకున్నాడనుకోండి. తర్వాత అందులో లోపం బయటపడి కొత్త ప్యాకేజీ వస్తుంది. ప్యాకేజీ సాధనం జాగ్రత్త పడకపోతే పాత పేరు కిందికి కొత్త ఫైలు చేరుతుంది గాని, లోపమున్న ఫైలు అతని దగ్గర అదే అధికారంతో బతికే ఉంటుంది. ఇతరుల ఫైళ్లకు ఇలా లింకు వేయకుండా ఆపే అమరిక లినక్స్ కెర్నెల్‌లో 2012లో, 3.6 వెర్షన్‌తో గాని రాలేదు.