స్టిక్కర్ పీకారా? బ్యాటరీకి ఊపిరి మొదలైనట్టే!

ఈరోజు కథ తిరుమలగిరిలో మా ఇంట్లోనే మొదలైంది. తాతయ్యకి వేళ్లు వణుకుతాయి, చెవి మిషన్ బ్యాటరీల స్టిక్కర్లు పీకలేరు. సాయం చేద్దామని ప్యాకెట్‌లోని ఆరింటికీ నేనే ఒకేసారి పీకేసి ఊరెళ్లాను. నెలన్నర తిరిగేసరికి వాడనివి కూడా డెడ్. నేనొచ్చేదాకా నాలుగు రోజులు ఆయనకి ఎవరి మాటా వినిపించలేదు. బీటెక్ చదివి ఏం లాభం చెప్పండి!

అవి జింక్-ఎయిర్ బ్యాటరీలు. లోపల జింక్ పొడి ఉంటుంది, దానికి కావాల్సిన ఆక్సిజన్ బయటి గాలి నుంచే రావాలి. స్టిక్కర్ కింద ఉన్న చిన్న రంధ్రమే దాని ముక్కు. ఒకసారి తెరిస్తే వాడినా వాడకపోయినా ఆయుష్షు తరుగుతూనే ఉంటుంది.

1878లోనే ఫ్రాన్స్‌కి చెందిన మైష్ ప్లాటినం పూసిన, సన్నని రంధ్రాలున్న కార్బన్‌తో ఇలాంటి బ్యాటరీ చేశాడు. చిక్కేంటంటే, గాలి వచ్చే దారుల్లోకే లోపలి ద్రవం చేరేది. 1932లో అమెరికాలో హైసే, షూమాకర్ ఆ కార్బన్‌కి మైనం పట్టించారు. ద్రవం ఆగింది, గాలి ఆడింది! అవి రైల్వే సిగ్నళ్లకి పనికొచ్చాయి. తర్వాత మైనం పని టెఫ్లాన్ అందుకుంది. 1970ల్లో ఈ బ్యాటరీ చెవి మిషన్‌లోకి దూరింది.

అయినా ఆ పొర ద్రవాన్ని ఆపుతుంది కానీ ఆవిరిని ఆపలేదు. మే నెల ఎండకి లోపలి తడి ఆరిపోతుంది, వానాకాలం తేమ లోపలికి చేరుతుంది. అందుకే మంచి పొర కోసం పరిశోధన ఇంకా నడుస్తోంది.

మా ఇంట్లో ఇప్పుడు ఒకటే రూల్: ఒకసారికి ఒక్క స్టిక్కరే. పీకాక ఐదు నిమిషాలు గాలి తగలనిచ్చి, అప్పుడు మిషన్‌లో పెట్టాలి. పీకే డ్యూటీ మాత్రం నాదే!