బెంగాలీ బాక్సాఫీసులో గోదావరి వాటా

కలకత్తాలో ఒక సినిమా ఆడిందంటే, దాని కథ మూలం మన చాగల్లులోనో కొవ్వూరులోనో తేలిన రోజులున్నాయి. సుమారు 2007 నుంచి 2014 దాకా బెంగాలీలో పెద్ద హీరోల కమర్షియల్ సినిమాల్లో చాలా వాటికి తెలుగు హిట్లే ఆధారం. ఆ పరిశ్రమను కూడా టాలీవుడ్ అనే అంటారు. కలకత్తాలోని టాలీగంజ్ పేరు మీద 1930లలోనే వచ్చిన మాట అది. అంటే ఆ పేరు మనకంటే ముందు వాళ్లది.

అంతకు యాభై ఏళ్ల ముందు మాత్రం కథలు అటునుంచి ఇటు వచ్చేవి. ఆ పని బాగా తెలిసిన దర్శకుడు రాజమండ్రిలో 1912లో పుట్టిన ఆదుర్తి సుబ్బారావు. శరత్‌చంద్ర రాసిన 'నిష్కృతి' ఆధారంగా 1957లో 'తోడికోడళ్ళు' తీశారు. ఉత్తమ్ కుమార్, సుచిత్రా సేన్ నటించిన బెంగాలీ హిట్ 'అగ్నిపరీక్ష' (1954) కథతో 1959లో అక్కినేని, సావిత్రిలతో 'మాంగల్యబలం' తీశారు. చిన్నప్పుడే పెళ్లయి విడిపోయినవాళ్లు పెద్దయ్యాక ఒకరికొకరు తెలియకుండా ప్రేమించుకోవడం అందులో కథ. తెలుగు జనం దాన్ని తమ ఇంటి కథలాగే ఆదరించారు. విచిత్రం ఏమిటంటే, అదే కథను ఉత్తమ్ కుమార్ స్వయంగా డబ్బు పెట్టి 1967లో హిందీలో 'ఛోటీ సీ ములాఖాత్' పేరుతో తీస్తే బాగా నష్టపోయారు. ఒక భాషలో ఆడిన కథ ఇంకో భాషలో ఆడుతుందన్న గ్యారంటీ అప్పుడూ లేదు.

అసలు హిట్ అంటే ఏమిటి?

పోస్టరు మీద కోట్లు చూసి ఇంట్లో పిల్లలు వాదించుకుంటుంటారు గానీ, ఆ అంకె సాధారణంగా గ్రాస్. అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం. ఉదాహరణకు టికెట్టు అసలు ధర 150 రూపాయలు అనుకుందాం. వంద దాటిన టికెట్టుకు 18 శాతం జీఎస్టీ కాబట్టి ప్రేక్షకుడు కట్టేది 177. అది గ్రాస్. పన్ను 27 పోతే మిగిలిన 150 నెట్. అందులో హాలువాళ్ల అద్దె లేదా పర్సంటేజీ తీసేశాక డిస్ట్రిబ్యూటరు చేతికి వచ్చేది షేర్. హాలుకు సగం అనుకుంటే షేర్ 75 రూపాయలే. పోస్టరు మీద 177 కనబడుతుంది, సినిమా కొన్నవాడి జేబులోకి 75 వస్తుంది.

ఇంకో మెలిక ఉంది. ఒక ఏరియా హక్కులు 5 కోట్లకు కొన్నవాడికి 4 కోట్ల షేరే వస్తే, గ్రాస్ ఎంత ఘనంగా ఉన్నా అతని లెక్కలో అది ఫ్లాపే. అదే సినిమా 2 కోట్లకు కొని ఉంటే సూపర్ హిట్. తెలుగు ట్రేడ్‌లో ఈ ఏరియాలకు పాత జిల్లాలే కొలత. 2022లో జిల్లాలు విడిపోయి కోనసీమ, కాకినాడ, ఏలూరు వేరైనా, వసూళ్ల పట్టికలో ఇప్పటికీ 'ఈస్ట్', 'వెస్ట్' అనే రెండే గళ్లు. కలెక్టరాఫీసులు మారాయి, బయ్యర్ల ఖాతా పుస్తకాలు మారలేదు.

బెంగాల్‌లోనూ సూత్రం ఇదే, గొడవా ఇదే. మన దేశంలో సినిమా వసూళ్లకు ప్రభుత్వం ధ్రువీకరించిన పట్టిక ఎక్కడా లేదు. నిర్మాత చెప్పేది ఒకటి, ట్రేడ్ చెప్పేది మరొకటి. 2017లో వచ్చిన 'ఆమెజాన్ అభిజాన్' బెంగాలీలో అతి పెద్ద హిట్లలో ఒకటని అందరూ ఒప్పుకుంటారు, అంకె దగ్గరకొస్తేనే పేచీ. అందుకే ఈ వ్యాసంలో కోట్ల జోలికి పోవడం లేదు. ఎవరు ఎవరి కథ కొన్నారు, అది ఎంతకాలం పనిచేసింది అన్నవాటిని దాచడం కష్టం.

చాగల్లు, కొవ్వూరు, మొగల్తూరు

పాత పశ్చిమగోదావరి జిల్లా చాగల్లుకు చెందిన వి.వి. వినాయక్ 2005లో అల్లు అర్జున్‌తో 'బన్నీ' తీశారు. అదే కథ 2009లో రాజ్ చక్రవర్తి దర్శకత్వంలో దేవ్, శుభశ్రీ జంటగా 'ఛాలెంజ్' అయింది. దేవ్‌ను మాస్ హీరోగా నిలబెట్టిన సినిమాల్లో అదొకటి. తీసిన సంస్థ శ్రీ వెంకటేశ్ ఫిలిమ్స్. పేరు చూసి తిరుపతి కంపెనీ అనుకునేరు, అది కలకత్తాదే.

రాజమండ్రికి అవతలి ఒడ్డున ఉన్న కొవ్వూరు రాజమౌళి కుటుంబం ఊరు. ఆయన 'విక్రమార్కుడు' 2012లో ప్రసేన్‌జిత్‌తో 'బిక్రమ్ సింఘ' అయింది. 'మర్యాద రామన్న' కూడా ఒక్క ఏడాదిలోనే బెంగాలీకి వెళ్లింది. మొగల్తూరు రాజుల ఇంటి ప్రభాస్ 'వర్షం' 2010లో 'జోష్'గా, 'మిర్చి' 2014లో 'బిందాస్'గా వచ్చాయి. ఇంకొకటి చెప్పకుండా ఉండలేం. శరత్‌బాబు 'దేవదాసు' పేరు పెట్టుకుని 2006లో తెలుగులో వచ్చిన రామ్ సినిమా 2011లో బెంగాలీలో 'పాగ్లూ' అయింది. పేరు బెంగాల్ నుంచి తెచ్చుకున్నాం, కథ మాత్రం మనదే అమ్మాం.

వాళ్లు ఎందుకు కొన్నారంటే, అది నిర్మాతకు తేలికైన లెక్క. అప్పటికి నగరాల్లోని బెంగాలీ మధ్యతరగతి టీవీకి, హిందీ సినిమాకు అలవాటు పడింది. జిల్లాల్లోని ఒంటి తెర హాళ్లు నడవాలంటే పాటలు, ఫైట్లు, పండగ సందడి కావాలి. మన దగ్గర ఇప్పటికే ఆడి చూపించిన కథ కొంటే సగం రిస్కు పోతుంది. కొన్నాళ్లు డబ్బులొచ్చాయి, హాళ్లు నిండాయి. కానీ సొంతంగా రాసేవాళ్లకు పని తగ్గింది.

ఆ వ్యాపారాన్ని దెబ్బతీసింది మళ్లీ మన సినిమాలే. తెలుగు చిత్రాల హిందీ డబ్బింగులు టీవీలో, యూట్యూబ్‌లో ఉచితంగా దొరికాక, అదే సీను దేవ్ చేస్తే చూడటానికి టికెట్టు కొనాల్సిన పని లేకపోయింది. 'బాహుబలి' తర్వాత మధ్యలో రీమేక్ అవసరమే పోయింది, తెలుగు సినిమా నేరుగా వాళ్ల తెర మీదకే వచ్చేసింది. 2024 డిసెంబరులో 'పుష్ప 2' బెంగాలీ మాటలతోనే విడుదలైంది.

సొంత కథలకు తిరిగి

ఈలోగా అక్కడ వేరే దారి పడింది. వృద్ధ దంపతుల విడాకుల కథ 'బేలాశేషే' (2015) ఫైట్లు లేకుండానే కుటుంబాలను హాలుకు రప్పించింది. 'పుష్ప 2' వచ్చిన నెలలోనే బొగ్గు గనుల నేపథ్యంలో తీసిన 'ఖాదాన్' వచ్చింది. హీరో దేవ్, కథ రీమేక్ కాదు. ఒంటి తెర హాళ్లలో బాగా ఆడింది.

సరిహద్దు అవతల బంగ్లాదేశ్‌లో లెక్క పండగలదే. మనకు సంక్రాంతి ఎలాగో, వాళ్ల పెద్ద హీరోలకు రంజాన్, బక్రీద్ అలాగ. షాకిబ్ ఖాన్ 'తుఫాన్' 2024 బక్రీద్‌కు విడుదలై పెద్ద హిట్టయింది. ఒకప్పుడు వెయ్యికి పైగా హాళ్లున్న ఆ దేశంలో ఇప్పుడు చాలావరకు మూతపడ్డాయి. మిగిలినవాటిలో కొన్ని ఈ రెండు పండగల కోసమే తాళం తీస్తాయి. 'తుఫాన్' నిర్మాతల్లో శ్రీ వెంకటేశ్ ఫిలిమ్స్ కూడా ఉంది.

ఇప్పుడు గొడవంతా తెరల మీదే. 2025 ఆగస్టులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ప్రతి హాలులో, మల్టీప్లెక్సుల్లో అయితే ప్రతి తెర మీద, మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 9 లోపు రోజుకు ఒక బెంగాలీ ఆట తప్పనిసరి అని ఉత్తర్వు ఇచ్చింది. ఆ వారంలోనే, ఆగస్టు 14న, ఎన్టీఆర్ నటించిన 'వార్ 2'కు ఎదురుగా 'ధూమకేతు' విడుదలైంది. దాదాపు పదేళ్లు మూలన పడి ఉన్న సినిమా అది. అయినా మొదటిరోజే హాళ్లు నిండాయి. జంట ఎవరంటే, 'బన్నీ' రీమేక్‌లో నటించిన ఆ దేవ్, శుభశ్రీలే.