రెసిడెన్సీ ఇంటర్వ్యూలూ, ఒక ఆల్గారిథం కథా

అమెరికాలో రెసిడెన్సీ ఇంటర్వ్యూలయ్యాక డాక్టర్లూ, హాస్పిటళ్ళూ ఎవరి ర్యాంక్ లిస్ట్ వాళ్ళిస్తే, జాతకాలు కలిపినట్టు కంప్యూటర్ జత కలుపుతుంది. ఇక్కడ మనవాళ్ళు చేసే పెద్ద తప్పు - నచ్చిన హాస్పిటల్ని కిందకి తోసి, "వచ్చేట్టుంది" అనుకున్నదాన్ని పైన పెట్టడం.

ఈ భయానికి ఒకప్పుడు అర్థముంది. 1940ల చివర్లో ఆఫరొస్తే గంటల్లో జవాబు చెప్పాలి (మన హెచ్చార్ వాళ్ళే నయం!). 1951లో ప్రతిపాదించిన పద్ధతిలో ఉన్నదున్నట్టు రాసినవాడికే నష్టం. విద్యార్థులు గొడవ చేస్తే 1952 మ్యాచ్‌కి మార్చారు.

1998 నుంచి వాడుతున్న రాత్-పెరాన్సన్ ఆల్గారిథం అభ్యర్థి వైపునుంచి మొదలవుతుంది. మొదటి ఛాయిస్ కుదరకపోతే రెండోదానికెళ్తుంది. అక్కడ మీ అవకాశం రవ్వంత కూడా తగ్గదు. ఇంటర్వ్యూలో అందరికీ "మీరే నా నంబర్ వన్" అనడం దండగ. అసలు ఆ మాట మిమ్మల్ని అడగడమే రూల్స్‌కి విరుద్ధం.