రెవెన్యూ గ్రామం మినహా

మా భద్రాచలం ఏ రాష్ట్రంలో ఉండాలో తేల్చిన ముక్క విభజన చట్టం సవరణలో చాలా చిన్నది. పోలవరం ప్రాజెక్టు పేరిట ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ చేసే మండలాల వరుసలో మా మండలం పేరు రాసి, పక్కన భద్రాచలం రెవెన్యూ గ్రామం మినహా అని చేర్చారు. 2014 మే నెలాఖరులో ఆర్డినెన్స్, జూలైలో పార్లమెంటు ఆమోదం. మండలం అటు పోయింది. రాముడూ ఊరూ ఇటు తెలంగాణలో మిగిలాయి.

రెవెన్యూ లెక్కలతో ఈ ఊరికి పాత బంధమే. గుడి కట్టించిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహశీల్దారు. శిస్తు సొమ్ము గుడికి పెట్టాడని తానీషా ఆయన్ని గోల్కొండలో ఖైదు చేయించాడు. ఆ కథ తెలియని తెలుగువాడు లేడు. ఊరి చుట్టూ గీసిన గీతల కథ మాత్రం ఇక్కడ పుట్టిన పిల్లలకు కూడా ఎవరూ చెప్పరు.

1860 దాకా ఇది నిజాం సీమ. అప్పటికి ఇంగ్లీషువాళ్ళ కన్ను గోదావరి మీద పడింది. నాగపూర్ వైపు పత్తిని పడవల మీద సముద్రానికి దించాలని ఆశ. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ ప్రయత్నంలోదే. 1860 ఒడంబడికతో నిజాం ఎడమ గట్టు తాలూకాలను వాళ్ళకు వదులుకున్నాడు. భద్రాచలం ఎడమ గట్టున ఉంది. దాంతో మేం మధ్యపరగణాల్లోని ఎగువ గోదావరి జిల్లాలో పడ్డాం. జిల్లా కేంద్రం ఎక్కడో ప్రాణహిత ఒడ్డున సిరోంచ. ఎదురుగా కనిపించే బూర్గంపహాడ్ నిజాంది, మనది కంపెనీ వారసులది. పడవలో కాసేపటి ప్రయాణం, అయినా వేరే ప్రభుత్వం.

పడవల పథకం పదేళ్ళకే మూలపడింది. గీత మాత్రం ఉండిపోయింది.

1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చారు. కాగితం మీద ఇదో మామూలు బదిలీ. కొండల మీద అలా జరగలేదు. మధ్యపరగణాల కింద ఉన్నప్పుడు కోయలూ కొండరెడ్లూ గొడ్డలికి నాలుగణాల చొప్పున పన్ను కట్టి పోడు కొట్టుకునేవారు. మద్రాసు పాలన వచ్చాక ఆ పన్ను సుమారు మూడింతలైంది, కొన్ని అడవుల్లో చెట్టు ముట్టుకోవద్దన్నారు. 1879లో రంప పితూరీ లేచినప్పుడు రేకపల్లి కూడా భగ్గుమనడానికి ఇదో పెద్ద కారణం. పితూరీ అనగానే మనకు అల్లూరి సీతారామరాజే గుర్తొస్తాడు. ఆయన పుట్టకముందే ఈ ప్రాంతంలో ఒక జిల్లా మార్పు జనాన్ని తిరగబడేలా చేసింది.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు మేం తూర్పు గోదావరి వాళ్ళం. కాకినాడలో కలెక్టరు. రాజమండ్రికి దారి పాపికొండల మధ్య నుంచి నది మీదే. 1956లో ఆంధ్ర, తెలంగాణ కలిశాక, 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను ఖమ్మం జిల్లాలో చేర్చారు. ఈ మార్పుల్లో నా మట్టుకు తెలివైనది ఇదొక్కటే. 1965లో రాధాకృష్ణన్ చేతుల మీదుగా వంతెన తెరుచుకున్నాక అవతలి ఒడ్డు నిజంగానే మనదైంది. అన్నట్టు, భద్రాచలం రోడ్ అనే రైల్వే స్టేషన్ భద్రాచలంలో లేదు. అది ఏరు దాటి నలభై కిలోమీటర్ల అవతల కొత్తగూడెంలో ఉంది. 2016 దసరాకు ఆ కొత్తగూడెమే మాకు జిల్లా కేంద్రమైంది.

భద్రాచలం మాదంటే మాదని రాష్ట్ర విభజన ఉద్యమాల రోజుల్లో రెండు వైపులా వాదించారు. ఇద్దరి దగ్గరా రుజువులున్నాయి. ఒకరు 1860కి ముందు నుంచి లెక్క మొదలుపెడతారు, ఇంకొకరు 1956కి ముందు నుంచి. తమకు పనికొచ్చే ఏడాది దగ్గర చరిత్రను ఆపేసేవాళ్ళతో వాదనకు దిగి లాభం లేదు.

2014 మార్చి నాటి విభజన చట్టం ముంపు గ్రామాల జాబితాను పట్టుకుంది. మేలో దాన్ని మండలాల లెక్కకు మార్చారు. మార్పంతా అక్కడే జరిగింది. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు మా ఊరిని ఆనుకుని ఉన్నవే, అయినా ఇప్పుడు ఆంధ్రా. మేం తెలంగాణలోనే ఉన్న దుమ్ముగూడెం, చర్ల వెళ్ళాలన్నా మధ్యలో ఆంధ్రా ఊళ్ళ మీదుగా పోవాలి. రామాలయం మాన్యం దాదాపు 890 ఎకరాలు పురుషోత్తపట్నంలో ఉంది. దేవుడు ఒక రాష్ట్రంలో, ఆయన భూమి ఇంకో రాష్ట్రంలో. ఆక్రమణల తగాదా వస్తే ఆలయ అధికారులు పక్క రాష్ట్రపు తహశీల్దారు దగ్గరికి పోవాలి. విలీన మండలాల వాళ్ళ అవస్థా తక్కువేం కాదు. 2022లో ఆంధ్రలో జిల్లాలు మార్చినప్పుడు ఎటపాక, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలకు జిల్లా కేంద్రం పాడేరు అయింది. భద్రాచలంలో సంత చేసుకునే మనిషి అప్పుడు కలెక్టరు దగ్గరికి అంత దూరం పోవాల్సి వచ్చింది.

ఇక ఊరి లోపలి సంగతి. 2011 జనగణనకే సుమారు యాభై వేల జనం, అయినా మాది గ్రామ పంచాయతీ. ఇది ఐదో షెడ్యూలు ప్రాంతం. మున్సిపాలిటీల గురించి రాజ్యాంగంలో ఉన్న భాగం, పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేస్తే తప్ప ఇక్కడ వర్తించదు. అయినా మున్సిపాలిటీలు చేసిన పాల్వంచ, మణుగూరుల్లో ఏళ్ళ తరబడి ఎన్నికలు జరగలేదు. వాటిని చూశాక మా వాళ్ళలో చాలామందికి పంచాయతీయే నయమనిపించింది. 2022 డిసెంబరులో ఊరిని భద్రాచలం, సీతారామనగర్, శాంతినగర్ అని మూడు పంచాయతీలు చేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అది నిలవలేదు, మళ్ళీ ఒకటే చేశారు.

ఆ పంచాయతీకి ఇప్పుడున్న పెద్ద చిక్కు చెత్త. పోయడానికి ఖాళీ జాగా కోసం చూస్తే, ఊరు దాటగానే పక్క రాష్ట్రం సర్వే నంబర్లు మొదలవుతాయి. ఆంధ్రాకు పోయిన ఆ ఐదు ఊళ్ళూ వెనక్కి వస్తే స్థలం దొరుకుతుంది. కానీ రాష్ట్రాల హద్దు మార్చాలంటే పార్లమెంటులో బిల్లు పెట్టాలి.