షూటింగ్‌కి పోయిన ఖాలా ఇంటికెట్లా వచ్చేది?



మా గల్లీలో ఒక ఖాలా ఉండేది. సగీ ఖాలా కాదు. అమ్మీ ఆమెను ఆపా అని పిలిచేది, అందుకని మాకు ఖాలా. పేరు రాయను, ఆమె పిల్లలు, మనవళ్లు ఇదే షహర్‌లో ఉన్నారు. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆమె ఫజర్ అజాన్ కాకముందే బుర్ఖా వేసుకుని బయల్దేరేది. కుట్టుపని కార్ఖానాలో నౌకరీ అని చెప్పేది. అసలు సంగతి వేరు. కృష్ణానగర్ పోయి, అక్కడ జూనియర్ ఆర్టిస్టుల వ్యాన్ ఎక్కి, సినిమా షూటింగుల్లో పెళ్లి దావత్‌కి వచ్చిన మెహమాన్‌గానో, బజార్లో కూరగాయలు కొనే మనిషిగానో నిలబడేది. మియా గుజర్ గయే, ఇల్లు గడవాలి కదా.

పొద్దున వ్యాన్ టైమ్‌కి వచ్చేది. లేటైతే షాట్ ఆగుతుంది మరి. రాత్రి ప్యాకప్ చెప్పాక ఆ తొందర ఎవరికీ ఉండేది కాదు. ఎక్కించుకున్న చోటే దింపి పోయేవాళ్లు. అప్పటికి పాతబస్తీ బస్సులు బంద్. ఆటోకి ఇస్తే ఆ రోజు మజ్దూరీలో పెద్ద ముక్క పోయేది. ఒకసారి రాత్రంతా బస్టాప్‌లో కూర్చుని, తెల్లారి మొదటి బస్సులో వచ్చింది. గల్లీ మొత్తం చూసింది. గుసగుసలు మొదలయ్యాయి. కిటికీలోంచి చూసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. రెండు నెలలకు ఖాలా మకాన్ ఖాళీ చేసి వెళ్లిపోయింది.

రాత్రంతా ఎక్కడున్నావని ఆమెను అందరూ అడిగారు. ఇంటిదాకా ఎందుకు దింపలేదని ఆ కంపెనీవాణ్ణి ఎవరూ అడగలేదు. ఇన్నేళ్లు అఖ్బార్లలో పనిచేశాక నాకు ఆ రెండో సవాల్ ముఖ్యమనిపిస్తోంది. ఉర్దూలో చరిత్రనీ, తేదీనీ ఒకే మాటతో తారీఖ్ అంటాం. సినిమా తారీఖ్‌లో హీరోల తేదీలు చాలా రాశారు. అదాకార్లు ఇంటి నుంచి సెట్‌కీ, సెట్ నుంచి ఇంటికీ ఎట్లా చేరారన్న తారీఖ్ తక్కువ. అది కొంచెం చెప్పుకుందాం.

మన మొదటి టాకీ ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ సినిమాలో రిలీజైంది. పేరూ ఉర్దూ, మాటలూ ఉర్దూ. అర్దేషిర్ ఇరానీ స్టూడియో పక్కనే రైలు పట్టాలు. పగలు రైళ్ల గోల మైక్‌లో పడుతుంది. అందుకని ఎక్కువ భాగం రాత్రి తీశారు, ఒంటిగంటా నాలుగుగంటల మధ్య. జుబేదా, పృథ్వీరాజ్ కపూర్ లాంటివాళ్లు ఊరంతా పడుకున్నాక పని చేశారు. అంటే మన టాకీ తారీఖ్ మొదలైందే నైట్ షిఫ్ట్‌తో. ఆ రాతలన్నిట్లో మైక్ గురించీ, రైలు గురించీ ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఎవరు ఎట్లా ఇల్లు చేరారో రాసినవాళ్లు నాకు కనబడలేదు.

ఆ సినిమాతోనే ఇంకో కిస్సా ఉంది. హీరో మాస్టర్ విఠల్ అంతకుముందు ఇంకో స్టూడియో ఒప్పందంలో ఉన్నాడు. దాన్ని వదిలి వచ్చాడని పాత మాలిక్‌లు అదాలత్‌కెక్కారు. విఠల్ తరఫున వాదించిన వకీల్ ముహమ్మద్ అలీ జిన్నా. విఠల్ గెలిచాడు. స్టార్‌కి ఇక్రార్‌నామా ఉంది, దాని మీద దస్తఖత్ ఉంది, కొట్లాడటానికి జిన్నా ఉన్నాడు. వెనక నిలబడే మనిషికి ఈ మూడూ లేవు. ఫర్ఖ్ అక్కడే మొదలైంది.

మన తెలుగు మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా బొంబాయిలోనే తీశారు. హెచ్.ఎం. రెడ్డి సురభి నాటకాల వాళ్లను అంతదూరం తీసుకెళ్లారు. సురభి అంటే 1885లో కడప జిల్లాలో పుట్టిన నాటక సమాజం. ఖాందాన్ అంతా కలిసి ఊరూరా తిరుగుతారు, కలిసే వండుకుంటారు, కలిసే ఆడతారు. సామాను, తిండి, బస, సఫర్ అన్నీ సమాజం బాధ్యతే. సినిమాకి వచ్చేసరికి ఆ కాఫిలా విడిపోయింది. ఒక్కో మనిషి ఒక్కో వేషానికి ఒంటరిగా రావాలి, ఒంటరిగా పోవాలి.

కొన్నాళ్లు స్టూడియోలు మేలు. 1934లో మొదలైన బాంబే టాకీస్ లాంటి చోట అదాకార్లు నెల తన్‌ఖా మీద ఉండేవాళ్లు. యూసుఫ్ ఖాన్ అనే పెషావరీ కుర్రాణ్ణి దేవికారాణి దిలీప్ కుమార్‌గా మార్చింది కూడా నెల నౌకరీ ఇచ్చే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కొత్త డబ్బు వచ్చి పడింది. ఒక సినిమా తీసి మాయమయ్యే ప్రొడ్యూసర్లు పెరిగారు. నెల జీతం పోయి, సినిమాకింత అనే పద్ధతి వచ్చింది. పెద్ద స్టార్లకు అది వరం. చిన్నవాళ్లకు మాత్రం మాలిక్ ఎవరో కూడా తెలియని హాలత్ వచ్చింది. మధ్యలో ఏజెంట్ ఉంటాడు. పిలిచేదీ అతనే, పైసలిచ్చేదీ అతనే, తన హిస్సా కోసుకునేదీ అతనే.

అమెరికాలో ఈ కొట్లాట ముందే నడిచింది. 1933లో హాలీవుడ్ స్టూడియోలు మందగమనం పేరు చెప్పి జీతాలు సగానికి కోస్తామన్నాయి. అదే ఏడు నటీనటులు స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ పెట్టుకున్నారు. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ సినిమాలో బరువైన మేకప్‌తో గంటలకు గంటలు నిలబడ్డ బోరిస్ కార్లాఫ్ మొదటి సభ్యుల్లో ఒకడు. 1937లో స్టూడియోలు ఆ సంఘాన్ని ఒప్పుకోక తప్పలేదు. ఇవాళ వాళ్ల ఒప్పందాల్లో ప్యాకప్‌కీ మర్నాటి కాల్‌కీ మధ్య మామూలుగా 12 గంటల ఆరామ్ రాసి ఉంటుంది. ఎవరి రహమ్‌తోనో వచ్చింది కాదది, అడిగి తెచ్చుకున్న హక్.

మన దగ్గర కానూన్ లేదా? ఉంది. 1981లో పార్లమెంట్ సినీ కార్మికుల కోసం చట్టం చేసింది. రాతపూర్వక ఒప్పందం లేకుండా సినీ కార్మికుణ్ణి పనిలో పెట్టుకోకూడదని, 2025 దాకా అమల్లో ఉన్న ఆ చట్టంలో ఉండేది. నటులూ, డాన్సర్లూ అందులో కార్మికులే. పని గంటలు, భద్రత, బీమా, సదుపాయాలు ఆ కాగితంలో రాయాల్సి ఉండేది. అదే ఏడాది సినీ కార్మికుల సంక్షేమ నిధికీ చట్టం వచ్చింది. మనవాళ్లకు ఒక మాట చెప్పాలి. నిజామాబాద్, జగిత్యాల వైపు మన అమ్మలు, ఖాలాలు బీడీలు చుట్టారు కదా. వాళ్ల సంక్షేమం చూసే కేంద్ర కార్మిక శాఖ విభాగమే సినీ కార్మికుల సంక్షేమమూ చూస్తుంది. సర్కార్ లెక్కలో ఇద్దరూ ఒకటే జమాత్. మన గల్లీ లెక్కలో మాత్రం బీడీ చుట్టే ఆమె షరీఫ్, షూటింగ్‌కి పోయే ఆమె బద్నామ్.

షూటింగ్ భాషలో రోజు ఖర్చుకిచ్చే పైసల్ని ‘బత్తా’ అంటారు. అది మన భత్తానే. మాట మనదే అయినా భత్తా మాత్రం చాలామందికి చేతికి రాలేదు. కానూన్ కాగితం మీద ఉంది, దస్తఖత్ చేసిన కాగితం మనిషి చేతిలో లేదు.

సఫర్ సంగతి దేశం మొత్తం మాట్లాడుకున్నది 2017లో. ఆ ఫిబ్రవరిలో కేరళలో ఒక నటి పని మీద కారులో కొచ్చి వెళ్తుంటే దారిలో ఆమె మీద జుల్మ్ జరిగింది. సెట్ కాదు, సినిమా కూడా కాదు, రోడ్డు. తర్వాత అక్కడి సర్కార్ జస్టిస్ హేమ కమిటీ వేసింది. 2019 ఆఖర్లో అందిన రిపోర్ట్ 2024 ఆగస్టులో గానీ బయటకు రాలేదు. సెట్‌లో టాయిలెట్ లేక ఆడవాళ్లు నీళ్లు తాగకుండా పొద్దంతా గడుపుతున్నారని అందులో ఉంది. అది చదివినప్పుడు నాకు ఖాలా గుర్తొచ్చింది. ఇంటికి రాగానే చెంబెడు నీళ్లు గటగటా తాగేదని అమ్మీ చెప్పేది.

తెలంగాణలోనూ 2019లో సర్కార్ ఒక కమిటీ వేసింది. దాని రిపోర్ట్ బయటపెట్టమని 2024లో సినిమా ఆడవాళ్లే అడగాల్సి వచ్చింది. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం పెంపు అడిగి 18 రోజులు షూటింగులు ఆపారు. ఉజ్రత్ గురించి కొట్లాట అట్లా నడుస్తోంది, నడవాలి. దాని పక్కన రాత్రి సవారీ గురించీ అంతే గట్టిగా అడగాలి.

ఇప్పుడు మన ఇళ్లలోంచీ అమ్మాయిలు, అబ్బాయిలు సీరియల్స్‌కి, వెబ్ సిరీస్‌లకి పోతున్నారు. కొందరు చెప్పి పోతున్నారు, కొందరు దాచి పోతున్నారు. పోవాలా వద్దా అనేది ఒక్కో ఖాందాన్ ఫైసలా, నేను ఫత్వా ఇచ్చేవాణ్ణి కాదు. కానీ దాచి పోయే బిడ్డ రాత్రి పదకొండింటికి ఎవరికి ఫోన్ చేస్తుంది? మనం ఆ ఫోన్ ఎత్తే ఇల్లుగా ఉంటే, వ్యాన్ పంపమని కంపెనీని అడగడానికి ఆమెకు హిమ్మత్ వస్తుంది. పోయే ముందు నాలుగు మాటలు అడగండి. కాగితం ఉందా? కాల్ ఎన్నింటికి, ప్యాకప్ ఎన్నింటికి? తీసుకుపోయే బండి ఇంటిదాకా దింపుతుందా? డ్రైవర్ నంబర్ ఇంట్లో ఉందా?

ఖాలా ఇప్పుడు లేదు. మూడేళ్ల కింద జనాజాకి పోయాను. ఆమె కొడుకు నన్ను గుర్తుపట్టి, మీ అమ్మీ మా అమ్మీతో ఆఖరిదాకా మాట్లాడింది భాయ్ అన్నాడు. మీ గల్లీ అనలేదు, మీ అమ్మీ అన్నాడు. ఆ కిటికీ దగ్గర నిలబడ్డవాణ్ణి నేనని అతనికి చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను.