బెల్లం వంటగాళ్లకు గిట్టని తీపి

మా పశ్చిమ గోదావరిలో బెల్లం వండినవాళ్లెవరూ ఫ్రక్టోజ్ పేరు విని ఉండరు. కానీ దానితో వాళ్లు చేసినంత యుద్ధం ఇప్పటి డాక్టర్లు కూడా చేయడం లేదు. డెల్టాలో ఒక పంచదార మిల్లు లేబొరేటరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి కనక ఈ మాట ధైర్యంగానే అంటున్నాను.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవల కింద వరితోపాటు చెరుకూ పెరిగింది. విజ్జేశ్వరం నుంచి తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వచ్చే కాలవే అప్పటి మాకు రహదారి. కొల్లేటి లంకల్లో ఇంటికీ ఇంటికీ మధ్య కూడా తాటిదోనె మీద పోవాల్సిందే. ఆ నీటిగాలికి నాసి బెల్లం నిలవదు, జావగారిపోతుంది. అందుకే బెల్లం కొనేవాడు ముందు అచ్చు విరిచి చూసేవాడు.

జావగారడానికి కారణం ఫ్రక్టోజే. చెరుకు రసంలో కాస్త పులుపుంటుంది. పులుపూ వేడీ కలిస్తే పంచదార రెండుగా విడిపోతుంది: సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. ఈ రెండోది గాలిలోని తేమను లాగేసుకుంటుంది. నరికిన చెరుకు ఎండలో పడి ఉన్నా, తుఫానుకి తోట పడిపోయినా ఆ విడిపోవడం పొయ్యి ఎక్కకముందే మొదలవుతుంది. అందుకే వంటగాడు నరికిన చెరుకును వెంటనే గానుగాడించేవాడు, రసంలో సున్నపు తేట పోసేవాడు, బెండకాడల జిగురు కలిపి మడ్డి తీసేవాడు. పాకం చుక్క చన్నీళ్లలో వేసి ఉండ కట్టిందో లేదో వేలితో చూసేవాడు. తోట పడిపోయిన ఏడు ఎంత కాచినా ఆ ఉండ కట్టేది కాదు.

తణుకులో ముళ్లపూడి హరిశ్చంద్ర ప్రసాద్ గారి ఆంధ్రా షుగర్స్ 1947 ఆగస్టులో పుట్టింది, స్వాతంత్ర్యానికి నాలుగు రోజుల ముందు. మిల్లుల్లో మా శత్రువూ ఆ విడిపోయిన చక్కెరే. రోజూ ఫెహ్లింగ్ ద్రావణంతో దాన్ని కొలిచేవాళ్లం. నీలం రంగు పోయి ఇటుకరంగు మడ్డి దిగితే దొరికినట్టే. విడిపోయినదంతా గింజకట్టకుండా మొలాసిస్‌లోకి పోతుంది, అంటే నష్టం.

అమెరికావాళ్లు దీన్ని తలకిందులు చేశారు. గ్లూకోజ్‌ని ఫ్రక్టోజ్‌గా మార్చే ఎంజైమును 1957లో మార్షల్, కూయి అనే ఇద్దరు బయటపెట్టారు. 1984కల్లా అలా ఫ్రక్టోజ్ నింపిన మొక్కజొన్న సిరప్ అక్కడి కోలాల్లోకి వచ్చేసింది. మన సీసాల్లో ఉన్నది పంచదారే కదా అని కొందరికి ధీమా. కోలా పులుపు చెరుకు రసాన్ని మించింది. ఏలూరు ఎండకి గోదాములో ఉన్న సీసాలో పంచదార తనంతట తనే విడిపోతూ ఉంటుంది. మిగిలినది పేగుల్లో విడిపోతుంది.

తర్వాత పనంతా కాలేయానిది. ఫ్రక్టోజ్ ఒక్కసారిగా వచ్చి పడితే కాలేయం అడ్డూ అదుపూ లేకుండా ఏటీపీని, అంటే కణాలు శక్తికి వాడుకునే నాణేన్ని, ఖర్చుపెడుతుంది. ఆ ఖర్చులోంచి యూరిక్ ఆమ్లం పుడుతుంది, మిగులు తీపి కొవ్వవుతుంది. కాలి బొటనవేలి వాపుకీ ఫ్యాటీ లివర్‌కీ ఇదొక దారి. కండరంలో ఆ ఏటీపీని 1929లో సహచర శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి వెల్లడించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మన డెల్టా మనిషే.

పళ్లతో నాకు తగవు లేదు. నూజివీడు రసం మామిడి తిన్నా తీపి పీచుతో, నెమ్మదిగా లోపలికి వెళుతుంది. పేచీ మోతాదుతోనే. ఒకప్పుడు రేషన్ కార్డు మీద నెలకు అరకిలో పంచదార, ఆరూ డెబ్బై ఐదు. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకి నాలుగు గ్రాములు. ఇప్పుడు పావులీటరు కోలా తాగితే పాతిక గ్రాములు ఒక్క గుక్కలో దిగిపోతున్నాయి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు పెద్దవాళ్లకు రోజంతటికీ 50 గ్రాములు. పాతికకు దించితే ఇంకా మేలంది.

ఈమధ్య ఊరంతా బెల్లం టీ బోర్డులు. షుగరున్నవాళ్లు తాగొచ్చా అని నన్నడుగుతారు. మంచి బెల్లంలోనే నూటికి అయిదు నుంచి పదిహేను పాళ్లు ముందే విడిపోయి ఉంటుందండీ, మిగతాది కడుపులో విడిపోతుంది అంటాను. నమ్మరు. ఆర్గానిక్ అని రాసి ఉంటే మెత్తగా, నల్లగా, చెమ్మ ఊరే అచ్చునే ఎక్కువ ధర పెట్టి కొనుక్కెళుతున్నారు. పాత వంటగాడైతే దాన్ని అంగడికి పంపడానికే సిగ్గుపడేవాడు.